నార్వేవాళ్ళ మధ్య మనం బతకగలమా? కాకినాడ చెల్లి ప్రశ్నకి జవాబు

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కాకినాడ, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా ఆయనకి ఓస్లోలో ఐటీ జాబ్ ఆఫర్ వచ్చింది, ఏడాదికి 7 లక్షల క్రోనర్లు. నేను కూడా టెస్టింగ్‌లో చేస్తున్నా, వెళ్తే నా జాబ్ మానేయాలి. బాబుకి మూడేళ్ళు. వీడియోలు చూస్తే ఒకళ్ళు స్వర్గం అంటారు, ఇంకొకళ్ళు అక్కడి మనుషులు పక్కింటి వాళ్ళతో కూడా మాట్లాడరు, చీకటికి పిచ్చెక్కుతుంది అంటారు. మా అత్తగారైతే అక్కడ పిల్లల్ని గవర్నమెంట్ లాగేసుకుంటుందట, వెళ్తే అమెరికా వెళ్ళండి లేకపోతే ఇక్కడే ఉండండి అని పట్టుబట్టారు. వాళ్ళ మధ్య మనం బతకగలమా అక్కా? ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: చెల్లీ, ముందు నా మాట చెప్పేస్తా, కారణాలు తర్వాత. వెళ్ళండి. కానీ మీ ఆయన ఆఫర్ లెటర్ ఒక్కటే చూసుకుని వెళ్ళొద్దు, అక్కడ నువ్వేం చేస్తావో ఇద్దరూ కూర్చుని తేల్చుకున్నాకే టికెట్లు బుక్ చేసుకోండి. నేను ఓస్లోలో చాలా ఏళ్ళుగా మనవాళ్ళని చూస్తున్నా, వచ్చిన ఏడాదిలోపే వెనక్కి వెళ్ళిపోదాం అని ఇంట్లో గొడవ మొదలైంది అంటే అది జీతం గురించి కాదు, చలి గురించి కూడా కాదు, నూటికి తొంభై సార్లు పగలంతా ఇంట్లో ఒక్కత్తే ఉండిపోయిన భార్య గురించే. మీ ఆయనకి మొదటి సోమవారం నుంచే ఆఫీసు ఉంటుంది, లంచ్ టేబుల్ ఉంటుంది, పేరు పెట్టి పిలిచే మనుషులు ఉంటారు. నీకు అవన్నీ నువ్వే తెచ్చుకోవాలి. నువ్వు వాళ్ళ గురించి అడిగావు కాబట్టి ముందు వాళ్ళ సంగతే చెప్తా.

వాళ్ళు మాట్లాడరు అన్నది నిజమే. బస్టాప్‌లో మనిషికీ మనిషికీ మధ్య రెండు బారలు వదిలి నిలబడతారు, బస్సులో రెండు సీట్లూ ఖాళీగా ఉన్న వరస ఉంటే నీ పక్కన కూర్చోరు, మెట్ల మీద ఎదురైతే ఒక "హాయ్" అని వెళ్ళిపోతారు, అంతే. కొత్తలో మనకి ఇది గుచ్చుకుంటుంది, మన రంగు చూసే ఇలా చేస్తున్నారా అనిపిస్తుంది. అలా కాదు చెల్లీ. వాళ్ళల్లో వాళ్ళు కూడా అంతే, బెర్గెన్ నుంచి ఓస్లో వచ్చిన నార్వే అమ్మాయి కూడా ఓస్లోలో ఫ్రెండ్స్ దొరకడం లేదని బాధపడుతుంది. వాళ్ళ స్నేహాలు చిన్నప్పుడు స్కూల్లో, ఊర్లో ఏర్పడినవి, ముప్ఫై ఏళ్ళు దాటాక కొత్తవాళ్ళని వెతుక్కోవాలని వాళ్ళకి తోచదు. ఇంకో సంగతి, ఎదుటి మనిషిని కదిలించకుండా వాడి మానాన వాడిని వదిలేయడమే వాళ్ళ లెక్కలో మర్యాద. మన దగ్గర పలకరించకపోతే పొగరు అంటాం, వాళ్ళ దగ్గర ఊరికే పలకరిస్తే ఏదో పని పడిందేమో అనుకుంటారు.

మరి దగ్గరయ్యేది ఎలా అంటే, పని ద్వారా. ఇది నేను నార్వేలో నేర్చుకున్న వాటిల్లో అన్నిటికంటే పనికొచ్చిన సంగతి. ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పమంటే వాళ్ళు బిగుసుకుపోతారు, పక్కపక్కన నడుస్తూనో ఏదైనా పని చేస్తూనో ఉంటే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. అక్కడ డుగ్నాడ్ అని ఒకటుంది, అపార్ట్‌మెంట్ వాళ్ళందరూ కలిసి డబ్బు తీసుకోకుండా చేసే పని. ఏప్రిల్‌లో మంచు కరిగాక మెట్ల దగ్గర కాగితం అంటిస్తారు, ఫలానా రోజు సాయంత్రం ఐదింటికి డుగ్నాడ్ అని. చలికాలం అంతా జారకుండా ఉండటానికి దారుల మీద చల్లిన సన్న కంకర ఉంటుంది కదా, దాన్నంతా ఊడ్చి కుప్ప చేయాలి, కుళ్ళిన ఆకులు రేక్‌తో లాగాలి, పిట్టగోడకి రంగు వేయాలి, సైకిల్ షెడ్‌లో ఎవరివో తెలీని సైకిళ్ళకి చీటీలు కట్టాలి. మా బిల్డింగ్‌లో కింద ఫ్లోర్‌లో ఉండే పెద్దాయన, ఎప్పుడూ తల ఊపడమే తప్ప నోరు విప్పి మాట్లాడిన మనిషి కాదు, ఆరోజు నా చేతిలో రేక్ చూసి దగ్గరికొచ్చి అలా కాదు ఇలా పట్టుకో నడుం పట్టేస్తుంది అని చూపించి, ఆ తర్వాత గంటసేపు వాళ్ళ నాన్న ఉత్తరాన చేపల పడవలో పని చేసిన రోజుల గురించి చెప్తూనే ఉన్నాడు. పని అయ్యాక ఫ్లాస్క్‌లో కాఫీ, గ్రిల్ మీద సాసేజీలు, ఎవరో ఒకళ్ళు వాఫెల్స్ వేస్తారు. ఆ సాయంత్రం నువ్వు ఇంట్లో ఉండిపోయావు అంటే ఏడాది పొడుగునా ఎవరూ పలకరించలేదు అని అనుకునే హక్కు నీకు ఉండదు. ఒంట్లో బాగోకపోయినా కిందకి దిగి కాసేపు కనపడి రా.

పిల్లల ఆటలూ అంతే. ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్ ఎవరయ్యా అంటే ఏదో పిల్లాడి నాన్నే, జీతం లేదు, మిగతా తల్లిదండ్రులు వంతులవారీగా కేకులు చేసి తెచ్చి గ్రౌండ్ పక్కన అమ్మి టీమ్‌కి డబ్బు పోగేస్తారు. నీ వంతు వచ్చినప్పుడు గులాబ్‌జామూన్ తీసుకెళ్ళు పర్లేదు, తింటారు. ఆదివారం షాపులు మూసి ఉంటాయి, ఊరు ఊరంతా అడవుల్లోకి నడకకి పోతుంది, ఓస్లోలో అయితే మెట్రో రైల్లోనే స్కీలు పట్టుకుని ఎక్కి ఫ్రోగ్నెర్‌సేటెరెన్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచే అడవి మొదలు. ఆ కొండలూ అడవులూ ఎవరి సొంతమైనా సరే సాగు చేయని భూమిలో ఎవరైనా నడవొచ్చు, టెంట్ వేసుకోవచ్చు, బెర్రీలు కోసుకోవచ్చు, 1957 నుంచి చట్టమే ఉంది. అక్కడ కాలిబాట మీద ఎదురైన ప్రతివాడూ నవ్వుతూ హాయ్ చెప్తాడు, సిటీలో అదే మనిషి నీ మొహం కూడా చూడడు. కొలీగ్ ఎవరైనా నడకకి వస్తారా అని అడిగారంటే అది మనవాళ్ళు భోజనానికి పిలిచినంత పిలుపు, వాన పడుతున్నా సరే ఒప్పుకోండి.

మన పద్ధతిలో "ఈ సాయంత్రం డిన్నర్‌కి రండి" అని అప్పటికప్పుడు పిలిస్తే మాత్రం రారు, కోపం తెచ్చుకోవద్దు, రెండు మూడు వారాల ముందు చెప్పాలి. పిల్లల బర్త్‌డే పార్టీ 5 నుంచి 7 అని కార్డు మీద ఉంటే ఐదింటికి తలుపు తట్టాలి, ఏడింటికి పిల్లాడిని తీసుకెళ్ళాలి. క్లాసులో కొంతమందిని పిలిచి కొంతమందిని వదిలేయడం చాలా తప్పు అక్కడ, పిలిస్తే క్లాసందరినీ పిలువు. రాత్రి పదకొండు దాటాక అపార్ట్‌మెంట్‌లో చప్పుడు ఉండకూడదు, మన ఉగాది పార్టీలకి ఇది గుర్తుపెట్టుకోండి, ముందే మెట్ల దగ్గర ఒక చీటీ అంటిస్తే అర్థం చేసుకుంటారు.

ఇంకొక ముచ్చట చెప్పాలి నీకు. చలికాలంలో దారిలో ఎవరిదైనా చిన్న పిల్లాడి గ్లవ్ పడిపోతే దాన్ని చూసినవాళ్ళు తీసి పక్కన కంచె కర్ర మీదో పొద మీదో తొడిగి పోతారు, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి దూరం నుంచే కనపడాలని. ఎవరు తొడిగారో ఎవరికీ తెలీదు, థాంక్స్ చెప్పేది ఉండదు. వాళ్ళ మంచితనం అంతా ఇలాగే ఉంటుంది, మాటల్లో కనపడదు. నేను ఈ దేశాన్ని ఇష్టపడేది ఇలాంటి వాటికే.

ఆఫీసు సంగతి ఎక్కువ చెప్పను, మీ ఆయనకి త్వరగానే అలవాటైపోతుంది. మేనేజర్‌ని పేరు పెట్టి పిలవాలి, నాలుగింటికల్లా అందరూ లేచిపోతారు ఎందుకంటే బార్నెహాగె, అదే ప్లేస్కూల్, ఐదు లోపే మూసేస్తారు. రాత్రి ఎనిమిది దాకా కూర్చుని పని చేస్తే మెచ్చుకోరు, వీడికి పని ప్లాన్ చేసుకోవడం రాదా అనుకుంటారు. బాబుకి జ్వరం వస్తే తల్లికీ తండ్రికీ చెరో పది రోజులు ఏడాదికి జీతంతో సెలవు, అది అడగడానికి ఎవరూ మొహమాటపడరు. జూలైలో దేశం మొత్తం సెలవులో ఉంటుంది, అప్పుడు ఏ ఆఫీసులో ఏ కాగితం కదలాలన్నా ఆగస్టు దాకా ఆగాల్సిందే. ఒకటి మాత్రం ఆయనకి చెప్పు, నేను అది చేశా ఇది చేశా అని మీటింగుల్లో గొప్పలు చెప్పుకుంటే అక్కడ తలెత్తుకోలేరు, మన దగ్గర అప్రైజల్ కోసం అలవాటైన ఆ పద్ధతి అక్కడ ఎదురు తిరుగుతుంది. పని బాగా చేసినా పెద్దగా పొగడరు, ప్రమోషన్లు మెల్లగా వస్తాయి, పరుగులు పెట్టే మనిషి అయితే కొంచెం నీరసపడతాడు.

ఇప్పుడు మీ అత్తగారి భయం. దీన్ని కొట్టిపారేయను, ఎందుకంటే ఆవిడ గాలిలోంచి పుట్టించిన మాట కాదు. బార్నెవెర్నె అని పిల్లల సంరక్షణ శాఖ ఉంది. 2011లో స్టవాంగెర్‌లో ఒక బెంగాలీ జంట పిల్లలిద్దరినీ తీసుకెళ్ళారు, మన విదేశాంగ శాఖ కలగజేసుకున్నాక 2012లో ఆ పిల్లల్ని ఇండియాలో బాబాయికి అప్పగించారు. చేత్తో తినిపించినందుకు, పక్కలో పడుకోబెట్టుకున్నందుకు తీసుకెళ్ళారని మన పేపర్లలో వచ్చింది, అక్కడి అధికారులు మాత్రం కారణం సంస్కృతి కాదన్నారు. అదే 2012 డిసెంబర్‌లో ఓస్లో కోర్టు ఒక తెలుగు దంపతులకి కొడుకుని హింసించారని జైలు శిక్ష వేసింది, అప్పుడు మన ఊళ్ళల్లో ఎంత చర్చ జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ శాఖ చేసేవన్నీ సరైనవే అని నేను అనను, 2019లో యూరప్ మానవ హక్కుల కోర్టు పెద్ద బెంచ్ నార్వేకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది, తల్లినీ బిడ్డనీ మళ్ళీ కలపడానికి తగినంత ప్రయత్నం చేయలేదని. అక్కడి వాళ్ళే దీని మీద వాదించుకుంటారు.

కానీ చెల్లీ, నువ్వు తెలుసుకోవాల్సింది ఇది. నార్వేలో పిల్లల్ని కొట్టడం నేరం, 1987 నుంచి చట్టంలో స్పష్టంగా ఉంది. చిన్న చెంపదెబ్బ, చెవి మెలిపెట్టడం, గరిటె చూపించి బెదిరించడం, ఇవన్నీ అందులోకే వస్తాయి. ప్లేస్కూల్ టీచర్‌కి అనుమానం వస్తే ఆ శాఖకి చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆవిడది తప్పు అవుతుంది. మన ఇళ్ళల్లో "కొడతా చూడు" అనేది మాట వరసకి అనే మాట, మూడేళ్ళ పిల్లాడు అదే మాట స్కూల్లో చెప్తే వాళ్ళు దాన్ని మాట వరసగా తీసుకోరు. అందుకని ఇండియాలో ఉన్నప్పటి నుంచే ఇద్దరూ చెయ్యీ మాటా రెండూ అదుపులో పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. నార్వే కోసమని కాదు, బాబు కోసమే అనుకో, నేనైతే ఆ చట్టం మంచిదనే అంటా. చేత్తో తినిపించుకో, పక్కలో పడుకోబెట్టుకో, తెలుగులోనే మాట్లాడు, వీటికి ఎవరూ ఏమీ అనరు. ఒకవేళ ఏదైనా ఫిర్యాదు మీద వాళ్ళు పిలిస్తే భయపడి మాట దాటేయొద్దు, అబద్ధం చెప్పొద్దు, భాష రాకపోతే దుబాసీ కావాలని అడుగు, ఏర్పాటు చేస్తారు. వాళ్ళు చేసేదాంట్లో ఎక్కువ భాగం ఇంటికి సాయం అందించడమే, పిల్లల్ని తీసుకెళ్ళడం ఆఖరి మెట్టు. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలు ఎంతోమంది ఉన్నారు, ఏ గొడవా లేకుండా. అత్తగారికి ఈ మాట నిమ్మళంగా కూర్చోబెట్టి చెప్పు.

నిజానికి పిల్లలకి అంత మంచి చోటు ఇంకోటి ఉందా అని నాకు అనిపిస్తుంది. ప్లేస్కూల్ ఫీజుకి గవర్నమెంట్ పరిమితి పెట్టింది, 2025 ఆగస్టు నుంచి నెలకి 1200 క్రోనర్లు మించకూడదు, తిండి ఖర్చు కాస్త వేరేగా కట్టాలి. మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు కంగారు పడతావు. పిల్లలు వానలో బురద గుంటల్లో కూర్చుని ఆడుతుంటారు, పసిపిల్లలు గడ్డకట్టే చలిలో బయట బండ్లలో ఉన్ని దుప్పట్లు కప్పుకుని నిద్రపోతుంటారు. లోపల ఒక్కో పిల్లాడికి ఒక్కో అర, అందులో వాన సూటు, చలి సూటు, ఉన్ని బనియన్లు, రెండు జతల గ్లవ్స్, అన్నిటి మీదా పేరు చీటీ ఉండాలి, తడిసినవి ఆరబెట్టడానికి వేడి బీరువా ఉంటుంది. వీటి మీద డబ్బు ఆదా చేయొద్దు అంటారు గానీ కొత్తవే కొనక్కర్లేదు, ఫిన్ అనే సైట్‌లో వాడినవి బ్రహ్మాండంగా దొరుకుతాయి, వాడినవి కొనడం అక్కడ చిన్నతనం కాదు. అక్షరాలు, రైమ్స్, హోంవర్క్ ఏమీ ఉండవు, మన తల్లులకి ఇదే పెద్ద బెంగ, ఇంకా ఏబీసీడీలు రాలేదే అని. స్కూల్ కూడా ఆరేళ్ళు నిండే సంవత్సరంలోనే మొదలు, ఏడో తరగతి దాకా మార్కులు లేవు. నీకు అది నచ్చకపోవచ్చు, పోటీలో వెనకపడతాడేమో అనిపించొచ్చు, అది నిజంగానే ఆలోచించాల్సిన విషయం, మళ్ళీ ఇండియా వచ్చేసే ఉద్దేశం ఉంటే మరీను.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తా. 7 లక్షల మీద టాక్స్ 26–27 శాతం దాకా పోతుంది, సగటున నెలకి 42–43 వేల క్రోనర్లు చేతికొస్తాయి. ఓస్లోలో రెండు బెడ్రూముల ఫ్లాట్‌కి 18–20 వేలు అటూ ఇటూ అద్దె, కొంచెం దూరంగా పోతే తగ్గుతుంది. కిరాణా, బస్ పాసులు, కరెంటు పోను ఒక్క జీతంతో బతకొచ్చు గానీ అమెరికా వెళ్ళినవాళ్ళలా మిగలదు, ఊళ్ళో స్థలం కొనాలనే ప్లాన్‌తో వెళ్తే నిరాశే. ఒక క్రోనర్‌ని రూపాయల్లోకి మార్చుకుంటూ షాపులో నిలబడితే ఏదీ కొనలేవు, బయట హోటల్లో తినడం అయితే పండగకే అనుకో. అడ్వాన్స్ మామూలుగా మూడు నెలల అద్దె అడుగుతారు, చట్టం ప్రకారం ఆరు నెలలు మించకూడదు, ఆ డబ్బు నీ పేరు మీద తెరిచిన విడి బ్యాంక్ ఖాతాలోనే ఉండాలి. ఓనర్ నా ఖాతాలోకి వెయ్యి అన్నాడంటే వద్దని వచ్చేయండి, కొత్తవాళ్ళు మోసపోయేది ఇక్కడే. మొదటి వారాల్లో పర్సనల్ నంబర్, అంటే మన ఆధార్ నంబర్ లాంటిది, వచ్చేదాకా, బ్యాంక్‌ఐడీ, అంటే ఆన్‌లైన్‌లో ఇది నువ్వే అని రుజువు చేసే గుర్తింపు, వచ్చేదాకా చేతులు కట్టేసినట్టే ఉంటుంది, అక్కడ ప్రతి పనికీ అదే తాళంచెవి, అందుకే ఖర్చులకి ఇంటర్నేషనల్ కార్డు ఒకటి పెట్టుకోండి. జబ్బు చేస్తే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే ముందు వెళ్ళాలి, మన దగ్గరలా నేరుగా స్పెషలిస్ట్ దగ్గరికి పోవడం కుదరదు, జ్వరం అంటే పారాసిటమాల్ వేసుకుని పడుకోమంటారు, యాంటీబయాటిక్ అంత తేలిగ్గా రాయరు. పెద్ద జబ్బు వస్తే మాత్రం ఆస్తులు అమ్ముకోవాల్సిన పని లేదు, ఆ ధైర్యం ఎంత పెద్దదో మన దగ్గర కార్పొరేట్ హాస్పిటల్ బిల్లు చూసినవాళ్ళకి తెలుసు. పిల్లలకి డాక్టర్ ఫీజు ఉండదు, పెద్దవాళ్ళకి పళ్ళ డాక్టర్ మాత్రం సొంత ఖర్చు, అందుకే బయల్దేరే ముందే ఇద్దరూ పళ్ళు చూపించుకోండి.

చీకటి గురించి కూడా అడిగావు. డిసెంబర్ చివర్లో ఓస్లోలో తొమ్మిదింపావుకి తెల్లారి మూడింపావుకి పొద్దుగూకుతుంది, ఆ మధ్యలో కూడా మబ్బే. ఉత్తరాన ట్రోమ్‌సోలో అయితే నవంబర్ ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పైకే రాడు. చలి కంటే ఇదే కష్టం, చలికి ఉన్ని బట్టలు ఉన్నాయి. నవంబర్‌లో కారణం లేకుండా ఏడుపొస్తుంది, పొద్దున లేవబుద్ధి కాదు. మన ఒంటి రంగుకి ఆ కొంచెం ఎండ చాలదు, విటమిన్ డి తప్పకుండా వేసుకోవాలి, వాళ్ళయితే చేపనూనె తాగుతారు. రోజూ మధ్యాహ్నం వెలుగున్న అరగంట బయట నడువు, ఎంత బద్ధకమైనా సరే. బూట్లకి కింద తొడుక్కునే ముళ్ళ పట్టీలు ఉంటాయి, మొదటి మంచు పడ్డ రోజే కొనుక్కో, ఐసు మీద పడి మణికట్టు విరగ్గొట్టుకునే వాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. జూన్ వచ్చేసరికి రాత్రి పదిన్నరకి కూడా వెలుగే, అప్పుడు అదే మనుషులు పార్కుల్లో కేకలేస్తూ పాటలు పాడుతుంటారు, వీళ్ళేనా అనిపిస్తుంది. మే 17 వాళ్ళ రాజ్యాంగం రోజు, 1814 నాటిది, స్కూల్ పిల్లలందరూ జెండాలతో ఊరేగుతారు, ఆరోజు నువ్వు పట్టు చీర కట్టుకుని వెళ్ళు, వాళ్ళు కూడా వాళ్ళ ఊరి సంప్రదాయ బట్టలు వేసుకునే వస్తారు, తెలియనివాళ్ళు కూడా ఆగి శుభాకాంక్షలు చెప్తారు.

ఇక నీ సంగతి, అసలు విషయం. నీకు ఫ్యామిలీ పర్మిట్ మీద పని చేసే హక్కు ఉంటుంది, అది పెద్ద వరం, చాలా దేశాల్లో డిపెండెంట్లకి లేదు. కానీ హక్కు ఉండటం వేరు, పని దొరకడం వేరు. అందరికీ ఇంగ్లీష్ వచ్చు కదా, నార్వే భాష ఎందుకులే అనుకుంటారు మనవాళ్ళు, అక్కడే ఆగిపోతారు. బతకడానికి ఇంగ్లీష్ చాలు, కలవడానికి చాలదు. లంచ్ టేబుల్ దగ్గర ఎనిమిది మంది ఉంటే నీ కోసం కాసేపు ఇంగ్లీష్‌లో మాట్లాడి మళ్ళీ వాళ్ళ భాషలోకి జారిపోతారు, అది నిన్ను వెలి వేయడం కాదు, ఎవరికైనా అంతే కదా, మనం నలుగురం తెలుగువాళ్ళం చేరితే ఏం చేస్తాం? టెస్టింగ్‌లో కూడా ప్రభుత్వ ప్రాజెక్టులు, కన్సల్టింగ్ కంపెనీలు భాష అడుగుతాయి, బీ2 లెవెల్, అంటే భాష ధారాళంగా వచ్చు అనే సర్టిఫికెట్ చేతిలో ఉంటే పిలుపులు వస్తాయి. పేరు చూసి పక్కన పెట్టేయడం కూడా ఉంది, దాచను. 2012లో అక్కడి పరిశోధకులు ఒకే అర్హతలతో నార్వే పేర్లతోనూ పాకిస్తానీ పేర్లతోనూ అప్లికేషన్లు పంపి చూస్తే విదేశీ పేరు ఉన్నవాళ్ళకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం పావు వంతు తగ్గింది. మొహం మీద ఎవరూ ఏమీ అనరు గానీ ఇలా జరుగుతుంది, దానికి మందు ఆ భాషే, లోపల మనల్ని తెలిసిన మనిషి ఒకళ్ళు ఉండటమే.

అందుకని నేను చెప్పే షరతు ఇది, మొదటి రెండేళ్ళు నీ పని భాష. ఉద్యోగం కోసం వెళ్ళిన కుటుంబాలకి క్లాసులు ఉచితం కాదు, డబ్బు కట్టాలి, ఆ డబ్బుని మీ ఆయన జీతంలో అద్దె లాగా ముందే పక్కన పెట్టండి, మిగిలితే చూద్దాం అనొద్దు. వారంలో క్లాసు ఉన్న సాయంత్రాలు బాబుని ఆయనే ప్లేస్కూల్ నుంచి తెచ్చి అన్నం పెట్టి పడుకోబెట్టాలి, అక్కడ నాన్నలందరూ చేసేదే, ఎవరూ వింతగా చూడరు, నాన్నల కోసం విడిగా 15 వారాల సెలవు కోటా పెట్టిన దేశం అది. పగటి పూట డైక్మాన్ లైబ్రరీకి వెళ్ళు, బ్యోర్వికాలో ఒపేరా హౌస్ పక్కనే ఉంటుంది, ఎంట్రీ ఫ్రీ, రోజంతా కూర్చోవచ్చు, పిల్లలకి విడిగా చోటు ఉంది. లైబ్రరీల్లో భాష మాట్లాడుకునే కాఫీ గంటలు పెడతారు, రిటైరైన నార్వే పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటారు, కొత్తవాళ్ళతో మాట్లాడటానికే వస్తారు వాళ్ళు, మొహమాటం అక్కర్లేదు. షాపులో నీ యాస వినగానే ఇంగ్లీష్‌లోకి మారిపోతారు, మంచి ఉద్దేశంతోనే, నువ్వు మాత్రం మారొద్దు, నేర్చుకుంటున్నా అని చెప్పి వాళ్ళ భాషలోనే సాగించు, ఓపిగ్గా ఆగుతారు. గ్రామర్ తేలికే, టీవీ వార్తలు కూడా మెల్లగా అర్థమవుతాయి, బెర్గెన్ యాస, ఉత్తరాది యాస వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చినట్టు ఉంటుంది, అది అందరికీ అంతే.

మనవాళ్ళు ఓస్లోలో బాగానే ఉన్నారు, ఉగాది, బతుకమ్మ, దీపావళి అన్నీ జరుగుతాయి, పోవాలి, కష్టకాలంలో రాత్రి పూట ఫోన్ చేయడానికి వాళ్ళే ఉంటారు. కానీ శనాదివారాలన్నీ ఆ నాలుగు ఇళ్ళ మధ్యే తిరిగితే పదేళ్ళైనా నార్వేలో ఉన్నట్టు ఉండదు. తిండికి ఇబ్బంది లేదు, గ్రోన్‌లాండ్ ఏరియాలో పాకిస్తానీ, తమిళ షాపులు ఉన్నాయి, కరివేపాకు, బెండకాయలు, మేక మాంసం, సోనామసూరి కూడా దొరుకుతాయి, ఆవకాయ మాత్రం నువ్వే తెచ్చుకో. పోపు వేసేటప్పుడు పొగ అలారం మోగుతుంది, ఫైరింజన్ వచ్చి బిల్లు మన చేతికిచ్చే బిల్డింగులు ఉన్నాయి, చిమ్నీ ఫుల్లుగా పెట్టి కిటికీ తెరిచాకే ఎండుమిర్చి వెయ్యి, కోట్లు వంటింటి పక్కన వేలాడదీయకు, ఉన్ని ఆ వాసన వదలదు.

అమ్మానాన్నల విషయంలో మాత్రం బాధ తప్పదు. మామూలు విజిట్ వీసా 90 రోజులే, హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు, వాళ్ళకి ఒంట్లో బాగోకపోతే వెంటనే రెక్కలు కట్టుకుని వాలలేం. పర్మనెంట్ రెసిడెన్స్ మూడేళ్ళ తర్వాత అడగొచ్చు, కానీ పెద్దవాళ్ళని పిలిచి శాశ్వతంగా ఉంచుకోవడం చాలా కష్టం. నువ్వు ఒక్కత్తే కూతురివైతే, వాళ్ళని చూసుకునేవాళ్ళు ఎవరూ లేకపోతే, మిగతా అన్నిటికంటే ముందు దీని గురించే ఆలోచించు. అమెరికా అయితే బాగుండు అని అత్తగారు అంటున్నారు గానీ చేతిలో ఉన్నది ఓస్లో ఆఫర్, పైగా సాయంత్రం ఐదింటికి కొడుకు మనవడితో పార్కులో ఉండే ఊరు అది, ఆవిడని ఒక జూన్‌లో పిలిపించి చూపించండి.

ఒక్క పని మాత్రం వెంటనే చేయాలి. ఓస్లోలో ప్లేస్కూల్ మెయిన్ అడ్మిషన్‌కి గడువు మార్చి 1, సీట్లు ఆగస్టు నుంచి. అది దాటితే ఖాళీ వచ్చినప్పుడే, ఇంటికి దూరంగా రావొచ్చు, అప్పటిదాకా బాబు నీతో ఇంట్లోనే, నీ క్లాసులు వాయిదా. అందుకని ఆయన జాయినింగ్ డేట్ ఎప్పుడు వేయించుకోవాలో ఈ తేదీ చూసుకుని కంపెనీతో మాట్లాడమను, ఒకటి రెండు నెలలు అటూ ఇటూ జరపమంటే అక్కడ కంపెనీలు మామూలుగా కాదనవు. ఆయన ముందు వెళ్ళి ఇల్లు, నంబర్లు, బ్యాంకు చూసుకుని, నువ్వూ బాబూ జూలై ఆఖర్లో దిగితే ఎండా ఉంటుంది, ఆగస్టులో వాడి స్కూలూ నీ క్లాసూ ఒకేసారి మొదలవుతాయి. డేట్ ఖాయమయ్యాక మళ్ళీ రాయి, ఏ ఏరియాలో ఇల్లు చూసుకోవాలో అప్పుడు చెప్తా.